ఉప్పుగాలిలో నాలుగు కాలాలు నిలిచే కార్డు రీడర్ మనమే చేసుకోలేమా?

విభాగం: ఎలక్ట్రానిక్స్, మరమ్మతులు (విశాఖపట్నం)

మెస్_లెక్కలు (పెదవాల్తేరు), శనివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మా హాస్టల్ మెస్ బీచ్‌రోడ్డుకి రెండు వీధుల ఇవతల ఉంది. పిల్లలు వెనక నల్లటి అయస్కాంత పట్టీ ఉన్న ప్లాస్టిక్ కార్డు రీడర్‌లో పెడతారు. మోటారు దాన్ని లోపలికి లాక్కుని, చదివి, బయటికి తోస్తుంది. 640 కార్డులు, ఆరు రీడర్లు. మూడేళ్లు తిరిగేసరికి నాలుగు మూలపడ్డాయి. మిగతా రెండింటి దగ్గర రాత్రి ఎనిమిదింటికి క్యూ మెట్ల దాకా వస్తోంది. ఒక్కో పిల్లాడు అయిదారు సార్లు పెట్టి తీయాల్సి వస్తోంది. వెనకవాళ్లు విసుక్కుంటారు, నాకు రోజూ అదే టెన్షన్.

అమ్మినవాళ్లను అడిగితే విడిభాగాలు ఇవ్వరట, యూనిట్ మొత్తం మార్చుకోవాలట. కొత్తవి కొన్నా మళ్లీ మూడేళ్ల ముచ్చటే కదా.

నిన్న ఒకటి విప్పాను. లోపల చిన్న మోటారు, బెల్టు, మూడు రబ్బరు చక్రాలు, కార్డు వచ్చిందో లేదో చూసే రెండు సెన్సర్లు ఉన్నాయి. బెల్టు జిగురులా కరిగి చక్రానికి అతుక్కుపోయింది. పట్టీని చదివే హెడ్‌ని పట్టుకున్న స్ప్రింగు రేకు మీద పచ్చటి చిలుము, స్క్రూల చుట్టూ తెల్లగా పేరుకున్న ఉప్పు. ఒక చక్రం సందులో ఎండిపోయిన అన్నం మెతుకు కూడా ఉంది.

ఒక నంబరు చదవడానికి ఇంత సరంజామా అవసరమా? ఇంతకంటే తేలికైనది, ఈ గాలికి తట్టుకునేది మనం చేసుకోగలమా?

డాబాగార్డెన్స్_బెంచి, శనివారం ఉదయం 9:05

అవసరం లేదండీ. మోటారు రీడర్ ఏటీఎం లాంటి చోట్లకి సరిపోతుంది. అక్కడ లావాదేవీ అయ్యేదాకా కార్డుని పట్టి ఉంచాలి, ఒక్కోసారి తిరిగి ఇవ్వకుండా ఆపేయాలి. మెస్‌లో కార్డుని మింగాల్సిన పనేముంది? చేత్తో గీకే గాడి చాలు. మోటారు, బెల్టు, చక్రాలు, సెన్సర్లు అన్నీ ఒక్క దెబ్బతో పోతాయి. కదిలే భాగం ఒక్కటే మిగులుతుంది, హెడ్ కింద స్ప్రింగు.

ముప్పై ఏళ్లుగా రిపేరు పనిలో ఉన్నాను. నా బల్ల మీదికి వచ్చినవాటిలో హెడ్ పోయినవి తక్కువ. హెడ్ చుట్టూ ఉన్నవే పోతాయి.

అలాగని హెడ్ శాశ్వతం కాదు. మంచి హెడ్‌ని అయిదు నుంచి పది లక్షల సార్లు గీకినా పనిచేసేలా తయారుచేస్తారు. మీ లెక్క చూడండి. 640 మంది, మూడు పూటలు, రోజుకి 1,920 సార్లు. ఆరు రీడర్లకి పంచితే ఒక్కోదానికి 320. అయిదు లక్షలు దాటడానికి నాలుగేళ్ల పైచిలుకు పడుతుంది. కాబట్టి హెడ్‌ని స్కూటర్‌కి బ్రేక్ షూ లాగా అనుకోవాలి. రెండు స్క్రూలు, ఒక కనెక్టర్ విప్పితే చేతికి వచ్చేయాలి. ఇప్పుడున్న వాటిలో హెడ్‌ని బోర్డుకే సోల్డర్ చేసి, పైన జిగురు పోసి ఉంచుతున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

మద్దిలపాలెం_నెట్, శనివారం ఉదయం 10:31

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. అసలు పట్టీ కార్డు మీదే పెట్టుబడి ఎందుకు? తాకకుండానే రేడియోతో చదివే 13.56 మెగాహెర్ట్జ్ కార్డు తీసుకుంటే, రీడర్ దగ్గర పెడితే చాలు, రాపిడే ఉండదు. కోల్‌కతా మెట్రో 2011లోనే అయస్కాంత టికెట్లు మానేసి టోకెన్లకి మారింది. మన బ్యాంకు కార్డులన్నీ 2018 చివరికల్లా చిప్‌కి మారాలని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. మాస్టర్‌కార్డ్ అయితే 2033 నాటికి తన కార్డుల మీద పట్టీయే ఉండదని ప్రకటించింది. పోయే వస్తువుకి రీడర్ చేయడం దేనికి?

మెస్_లెక్కలు, శనివారం ఉదయం 11:15

మీ మాట నిజమే తమ్ముడూ. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేనూ అదే చెబుతాను. మాకు 640 కార్డులు చేతిలో ఉన్నాయి, ఫొటోలు అచ్చువేసినవి. వాటి నంబర్ల మీదే లెక్కల సాఫ్ట్‌వేర్ నడుస్తోంది. కమిటీ ఈ ఏడు పైసా ఇవ్వనంది. ఇంకో సంగతి కూడా ఉంది. పాడైతే ఈ ఊళ్లోనే బాగుచేసుకోగలిగిన వస్తువు కావాలి నాకు. మూసిన డబ్బా ఇంకొకటి కొనుక్కోవాలని లేదు.

ఈసీఈ_టీచర్ (ఎంవీపీ కాలనీ), శనివారం మధ్యాహ్నం 2:20

నేను కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. రీడర్ చేసే ముందు పట్టీ మీద ఏముందో తెలిస్తే సగం పని అయినట్టే, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను.

హెడ్ అంటే సన్నని చీలిక ఉన్న లోహపు ఉంగరం, దానికి చుట్టిన తీగ. పట్టీ మీద అయస్కాంత దిశ మారిన చోటు ఆ చీలిక ముందు నుంచి సాగినప్పుడు తీగలో మిల్లీవోల్టుల లెక్కన వోల్టేజి పుడుతుంది. ఎంత వేగంగా గీకితే అంత ఎక్కువ పుడుతుంది. పది రెట్లు వేగం, పది రెట్లు సిగ్నల్. మోటారు పెట్టేది వేగం ఒకేలా ఉండాలనే. కానీ పట్టీ మీది రాతకి మోటారు అక్కర్లేదు.

తాళం వేస్తున్నట్టు ఊహించుకోండి. ప్రతి బిట్టూ (0 గానీ 1 గానీ) ఒక దెబ్బ. దెబ్బ పడే చోట దిశ తప్పకుండా మారుతుంది. 0 అయితే అంతే, ‘తా’. 1 అయితే దెబ్బకీ దెబ్బకీ సరిగ్గా మధ్యలో ఇంకోసారి మారుతుంది, ‘తక’. మొదటి కాలంలో పాడినా రెండో కాలంలో పాడినా తా ఏదో తక ఏదో చెవికి తెలుస్తుంది కదా. రీడర్ కూడా కిందటి దెబ్బ ఎంతసేపు పట్టిందో గుర్తుపెట్టుకుని, ఈసారి అంతే పట్టిందా, అందులో సగానికే మారిందా అని చూసుకుంటుంది. చెయ్యి మెల్లగా వేగం పెంచినా తగ్గించినా లయ వెంట పోతుంది. పట్టీ మొదట్లో వరసగా ఉండే సున్నాలు ఆ లయ అందించడానికే.

పట్టీ మీద రాత పక్కపక్కన వరసలుగా ఉంటుంది, ఒక్కో వరస ఒక ట్రాక్. ఇక ఏ ట్రాక్ చదవాలి? ట్రాక్ 1లో అంగుళానికి 210 బిట్లు, ట్రాక్ 2లో 75. ట్రాక్ 2లో పట్టేవి 40 గుర్తులే, అంకెలు మాత్రమే. మెస్ నంబరుకి అది చాలా ఎక్కువ. ఉప్పుగాలి ఊళ్లో ట్రాక్ 2 ఎందుకు మేలంటే, హెడ్‌కీ పట్టీకీ మధ్య మురికి చేరినప్పుడు రాత ఎంత చిక్కగా ఉంటే సిగ్నల్ అంత ఘోరంగా పడిపోతుంది. 0.05 మి.మీ. పొర, అంటే మామూలు కాగితంలో సగం మందం అనుకోండి. ఒకట్లు వరసగా ఉన్నచోట ట్రాక్ 2 సిగ్నల్ అయిదింట రెండు వంతులకి తగ్గుతుంది, ఇంకా చదవొచ్చు. ట్రాక్ 1లో పదమూడో వంతు మిగులుతుంది.

కాబట్టి ట్రాక్ 2 ఒక్కటి చదివే రీడర్ చేయండి, మిగతావి వదిలేయండి.

సోల్డర్_పొగ (గీతం దగ్గర), శనివారం మధ్యాహ్నం 3:02

తా, తక. మేడమ్, ఇది క్లాసులో మూడు గంటలు విన్నా నాకు ఎక్కలేదు, ఇప్పుడు ఎక్కింది.

నేను ఒకటి ట్రై చేస్తున్నాను. అమ్మమ్మ ఇంట్లో పాడైన టేప్‌రికార్డర్ ఉంది, దాని హెడ్ ఊడదీశాను. సిగ్నల్‌ని ఎల్ఎం358 అనే ఆంప్లిఫయర్ చిప్‌తో వెయ్యి రెట్లు పెంచి, ఏటీమెగా328 అనే చిన్న కంప్యూటర్ చిప్‌కి ఇచ్చాను. నెమ్మదిగా గీకితే వస్తోంది, వేగంగా గీకితే చెత్త వస్తోంది.

ఈసీఈ_టీచర్, శనివారం మధ్యాహ్నం 3:40

రెండు తప్పులున్నాయి బాబూ. ఒకే స్టేజిలో వెయ్యి రెట్లు అడిగితే ఎల్ఎం358 ఒక కిలోహెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తుంది. సెకనుకి మీటరు వేగంతో గీకితే ట్రాక్ 2 నుంచి దాదాపు 2,950 బిట్లు వస్తాయి. రెండు స్టేజీలు చెయ్యి, ఒక్కోటి ముప్పై రెట్లు.

రెండోది, ఏటీమెగా ఏడీసీ (వోల్టేజిని అంకెలుగా మార్చే భాగం) మామూలు సెట్టింగులో సెకనుకి 9,600 సార్లే కొలుస్తుంది. అన్నీ ఒకట్లయితే సెకనుకి 5,900 మార్పులు, ఒక్కోదానికి రెండు కొలతలైనా దక్కవు. దాని వేగాన్ని తగ్గించి ఉంచే ప్రీస్కేలర్ సెట్టింగుని 128 నుంచి 32కి దించితే 38 వేలకి పైగా వస్తాయి. కాస్త కచ్చితత్వం పోతుంది, మన పనికి పరవాలేదు.

గాజువాక_ఫిట్టర్, ఆదివారం ఉదయం 6:30

రిటైరైన ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్‌ని. కరెంటు సంగతి మేడమ్ గారు చెప్పారు, ఇనుము సంగతి నేను చెబుతాను.

ముందు పట్టీని కళ్లతో చూడండి. గ్రైండర్ కింద పడ్డ ఇనుప పొడిని పలచటి గుడ్డలో జల్లించి, మెత్తటిదాన్ని స్పిరిట్‌లో కలపండి. చుక్కలుగా పట్టీ మీద పోసి ఆరనివ్వండి. నేను రాత్రి పాత కార్డు మీద చేశాను. స్పిరిట్ ఆరగానే నల్ల పట్టీ మీద దువ్వెన పళ్లలాగా నిలువు గీతలు లేచాయి. ట్రాక్ 2వి భూతద్దం లేకుండానే కనిపిస్తాయి. ఒకచోట ఎడంగా, ఒకచోట దగ్గరగా. మేడమ్ గారి తా, తక అదే. నా మనవరాలు వేలు పెట్టి ‘తాతా, ఇది సున్నా, ఇది ఒకటి’ అని చదివింది. తర్వాత సెలోటేప్ అంటించి లాగితే గీతలు టేప్ మీదికి వచ్చేస్తాయి, దాచుకోవచ్చు.

ఇది సరదాకి చెప్పడం లేదు. ఆ గీతలు ఎంత నిటారుగా ఉన్నాయో చూశారు కదా, హెడ్ చీలిక కూడా అంతే నిటారుగా ఉండాలి. హెడ్ ముందుకీ వెనక్కీ కదలాలి, వంగిన కార్డుకి తగ్గట్టు కొంచెం ఒరగాలి. కానీ గడియారం ముల్లులా తిరగకూడదు. తిరిగితే చీలిక ఒకేసారి రెండు గీతల మీద పడి సిగ్నల్ మసకబారుతుంది. అందుకే రేకు స్ప్రింగు వాడతారు. వెడల్పాటి రేకు ఒక వైపు వంగుతుంది, పక్కకి తిరగదు. చుట్ట స్ప్రింగు పెట్టొద్దు.

రేకు దేనితో? మామూలు స్టీలు ఈ ఊళ్లో రెండు వానాకాలాలు ఆగదు. 316 స్టెయిన్‌లెస్ రేకు దొరికితే అదే. మాలిబ్డినం కలిసి ఉంటుంది కాబట్టి 304 కంటే ఉప్పుకి బాగా ఓర్చుతుంది. స్క్రూలు కూడా అదే రకం. అల్యూమినియం గాడికి స్టెయిన్‌లెస్ స్క్రూ బిగించొద్దు. చెమ్మ తగిలితే ఆ రెండూ కలిసి బ్యాటరీలా పనిచేసి అల్యూమినియం తెల్లపొడి అయిపోతుంది.

ఇంకొకటి, గాడిని బల్ల మీద పడుకోబెట్టకండి. గోడకి నిలువుగా పెట్టండి, పైనా కిందా తెరిచి. పైనుంచి కిందికి గీకాలి. మెతుకు పడినా, దుమ్ము పడినా, వాన జల్లు కొట్టినా తనంతట తనే కిందికి పోతుంది. తూము అడుగున మూత పెట్టి, తర్వాత పూడిక తీయడం ఎందుకు?

డాబాగార్డెన్స్_బెంచి, ఆదివారం ఉదయం 8:12

నిలువు గాడి మాట బంగారం గురువుగారూ. నేను ఒక్కటి కలుపుతాను. కార్డు అంచు ఆనే చోట రోజూ ప్లాస్టిక్ రాస్తూ ఉంటుంది. అక్కడ గాడి అరిగితే కార్డు పక్కకి జరిగి, ట్రాక్ హెడ్ ఎదుట నుంచి తప్పుకుంటుంది. ఆ అంచుకి సన్నని స్టెయిన్‌లెస్ పట్టీ వేసి, అరిగితే మార్చేలా పెట్టండి.

సోల్డర్_పొగ, ఆదివారం ఉదయం 11:48

గాడి త్రీడీ ప్రింట్ చేద్దామనుకుంటున్నాను. నైలాన్ గట్టిగా ఉంటుందని చదివాను.

గాజువాక_ఫిట్టర్, ఆదివారం మధ్యాహ్నం 12:30

నైలాన్ గట్టిదే బాబూ, కానీ చెమ్మ తాగి ఉబ్బుతుంది. కార్డు మందం 0.76 మి.మీ. నువ్వు గాడి 1.1 పెడితే మిగిలే సందెంత? ఆగస్టులో కార్డు బిగుసుకుంటుంది, జనవరిలో వదులవుతుంది. డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క తెచ్చుకుని మిల్లింగ్ చేయించు, ఆటోనగర్‌లో చేస్తారు. అది నీళ్లు అంతగా పీల్చదు, జారుడుగా కూడా ఉంటుంది. ప్రింట్ చేసిన గాడిలో పొరల మధ్య గీతలుంటాయి, మురికి వాటిలోనే కూర్చుంటుంది.

లాబీ_డ్యూటీ, ఆదివారం రాత్రి 11:55

నేను హోటల్ రిసెప్షన్‌లో పనిచేస్తాను. గది తాళాలకి పట్టీ కార్డులే ఉండేవి మాకు. రీడర్ ఎంత మంచిదైనా, ఫోన్ కవర్‌లో అయస్కాంతం పక్కన పెట్టుకుంటే కార్డు ఖాళీ. అర్ధరాత్రి సామాన్లతో, పసిపిల్లలతో కిందికి వచ్చి నిలబడతారు. వాళ్లని చూస్తే ప్రాణం ఉసూరుమనేది. మెస్ పిల్లలూ కార్డు ఫోన్ వెనకే పెట్టుకుంటారు, అది కూడా చూసుకోండి.

ఈసీఈ_టీచర్, సోమవారం ఉదయం 6:50

చాలా అవసరమైన మాట. హోటళ్లలో ఎక్కువగా వాడేది 300 ఓయర్‌స్టెడ్ (పట్టీ మీది రాతని చెరపడానికి ఎంత అయస్కాంత బలం కావాలో చెప్పే కొలత) రకం పట్టీ. తేలిగ్గా రాయొచ్చు, తేలిగ్గా చెరిగిపోతుంది. బ్యాంకు కార్డుల రకం 2,750. రెండింటినీ ఒకే హెడ్ చదువుతుంది, తేడా రాసేటప్పుడే. పోయిన కార్డుల బదులు కొత్తవి కొట్టించేటప్పుడు 2,750 రకమే అడగండి. సాధారణంగా నల్లగా ఉండేది అది, గోధుమరంగుది 300 రకం.

మద్దిలపాలెం_నెట్, సోమవారం ఉదయం 9:20

నేను వాదించడానికి రాలేదు, సాయం చేస్తాను. సాఫ్ట్‌వేర్ వైపు మూడు విషయాలు. కార్డులో నంబరు మాత్రమే ఉండాలి, డబ్బుల బ్యాలెన్స్ సర్వర్‌లోనే ఉండాలి. పట్టీని ఎవరైనా కాపీ కొట్టగలరు కాబట్టి గీకగానే స్క్రీన్ మీద ఆ పిల్లాడి ఫొటో రావాలి, వడ్డించేవాళ్లు చూసుకుంటారు. మూడోది, పరీక్షకని కూడా ఎవరి బ్యాంకు కార్డూ ఇందులో గీకొద్దు. ఆ వివరాలు మన కంప్యూటర్‌లో పడటమే తప్పు.

కార్డుని కింది నుంచి పైకి గీకినా పనిచేయించొచ్చు. బిట్లన్నీ ముందు మెమరీలోకి తీసుకుని, మొదటి గుర్తు 11010 దొరక్కపోతే వరసని వెనక నుంచి చదివితే చాలు. ఒక్కో అంకెకి అయిదు బిట్లు, అయిదోది సరిచూసుకోవడానికి. చివర మొత్తం వరసకి ఇంకో సరిచూపు. రెండూ కుదిరితేనే నంబరు ఒప్పుకోవాలి.

మెస్_లెక్కలు, సోమవారం ఉదయం 9:45

ధన్యవాదాలు తమ్ముడూ. మనసు తేలికపడింది.

ఫిషింగ్‌హార్బర్_వైర్‌లెస్, సోమవారం రాత్రి 9:10

బోట్ల సెట్లు బాగుచేస్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక నా దగ్గరికి కుప్పలుగా వచ్చిన బోర్డుల్లో బతికినవి ఏవంటే, ఓనరు వెంటనే మంచినీళ్లతో కడిగి తెచ్చినవి. ‘కరెంటు సామాన్లకి నీళ్లా’ అని భయపడి అలాగే ఆరబెట్టినవాటిని ఉప్పు తినేసింది. బ్యాటరీ, కరెంటు తీసేసి, మంచినీళ్లతో కడిగి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో తుడిచి, నీడలో పూర్తిగా ఆరాక పెట్టాలి.

కొత్త బోర్డు మీద కోటింగ్ స్ప్రే కొట్టండి, రెండు పొరలు. హెడ్ ముఖానికీ, కనెక్టర్ పిన్నులకీ ముందు టేప్ వేసి కొట్టండి. వైరు బయటికి వచ్చే రంధ్రం డబ్బా అడుగున ఉండాలి. పైన ఉంటే వైరు పట్టుకుని నీళ్లు లోపలికి నడిచొస్తాయి.

సోల్డర్_పొగ, తర్వాతి ఆదివారం సాయంత్రం 5:25

మొదటిది తయారైంది. మెస్_లెక్కలు గారి గోడకే పెట్టాం. డెల్రిన్ గాడి ఆటోనగర్‌లో చేయించాను. రేకు 304 మాత్రమే దొరికింది. హెడ్ టేప్‌రికార్డర్‌దే.

మధ్యాహ్నం భోజనాలప్పుడు ఘోరంగా ఫెయిలైంది. ఇరవైసార్లు గీకితే పదకొండు వచ్చాయి. ట్యూబ్‌లైట్ వేస్తే ఇంకా తగ్గాయి. చాలా బాధేసింది.

గాజువాక_ఫిట్టర్, ఆదివారం సాయంత్రం 6:02

బాధపడకు. ఇనుప పొడి పోసిన కార్డుని గాడిలో పెట్టి, హెడ్ చీలికని భూతద్దంలో చూడు. గీతలకి సమాంతరంగా ఉందా?

డాబాగార్డెన్స్_బెంచి, ఆదివారం సాయంత్రం 6:10

హెడ్ డబ్బాని గ్రౌండ్ చేశావా? వైరు షీల్డ్‌ది వేశావా?

సోల్డర్_పొగ, ఆదివారం రాత్రి 8:47

రెండూ తప్పే. చీలిక కంటికి తెలిసేంత ఒరిగి ఉంది, ఒక స్క్రూ కింద వాషర్ పెట్టడం మర్చిపోయాను. హెడ్ డబ్బా గాలిలో వేలాడుతోంది, గ్రౌండ్ లేదు. వాషర్ వేసి, షీల్డ్ వైరు మార్చి, డబ్బాని గ్రౌండ్‌కి కలిపాను. రాత్రి భోజనాలకి మొదటి వందమందిలో తొంభై ఆరుగురిది ఒక్క గీకుకే వచ్చింది. మిగతా నలుగురిలో ముగ్గురివి రెండోసారికి. ఒకటి అసలు రాలేదు, దాని పట్టీ మీద తాళంచెవి గీత లోతుగా పడి ఉంది.

ఒక అనుమానం. టేప్ హెడ్ కొలిచేది 0.6 మి.మీ. వెడల్పే కదా, కార్డు ట్రాక్ 2.8 ఉంటుంది. అసలు కార్డు హెడ్ వెడల్పాటిది పెడితే సిగ్నల్ పెరగదా?

ఈసీఈ_టీచర్, ఆదివారం రాత్రి 9:15

పెరుగుతుంది. కానీ సన్నని హెడ్‌ని ట్రాక్ నడిమధ్యన, కార్డు అంచు నుంచి ఇంచుమించు 10 మి.మీ. దగ్గర పెడితే, గాడి అటో ఇటో ఒక మి.మీ. అరిగినా అది ట్రాక్ మీదే ఉంటుంది. చీలిక కాస్త ఒరిగినా సన్నని హెడ్ ఎక్కువ ఓర్చుతుంది. సిగ్నల్ ఆంప్లిఫయర్‌తో పెంచుకోవచ్చు, అరుగుదలని ఆంప్లిఫయర్‌తో సరిచేయలేం కదా. నువ్వు పెట్టింది ఉంచు.

మెస్_లెక్కలు, ఆదివారం రాత్రి 10:30

ఇవాళ క్యూ మెట్ల దాకా రాలేదు. వంటవాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు. కొత్త గాడి కింద పళ్లెం పెట్టి ఉంచాం, రాత్రికి అందులో చిటికెడు దుమ్ము, ఒక జీలకర్ర గింజ పడి ఉన్నాయి. పాతదాంట్లో అయితే అవి చక్రాల మధ్యకి పోయేవి.

ఇంకా అయిదు చేయాలి. ఇళ్లలో పాత టేప్‌రికార్డర్లు ఉన్నవాళ్లు హెడ్‌లు ఇస్తే తీసుకుంటాను, ఎక్కడికైనా వచ్చి పట్టుకెళతాను. ఫిట్టర్ గారూ, 316 రేకు ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

గాజువాక_ఫిట్టర్, సోమవారం ఉదయం 5:50

రేకు నా దగ్గర ఒక ముక్క ఉంది, ఆరింటికీ సరిపోతుంది. ఈ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి కత్తిరించి తెస్తాను. హెడ్‌లు దొరికినవాళ్లు వాటి ముఖం మీద గోరు నడిపి చూడండి. గాడి పడినట్టు తగిలితే తేవొద్దు, నునుపుగా ఉంటే తెండి.